దారిన పోవు సరకునకు సుంకమేల?

మన పూర్వులు సరకులపై గైకొను సుంకమును మూడు తెగలుగా విభజించిరి. ఊరిలో దిగి అమ్ముడుపోవు సరకుపై గైకొనునది స్థలాదాయము. ఆ సీమగుండా సాగిపోవు సరకుపై గైకొనునది మార్గాదాయము. పరదేశములకు ఎగుమతియగు సరకుపై గైకొనునది మామూలాదాయము. విజయనగర ప్రభువుల కాలమునాటి యీ విభాగములో నడిమి దానిని గూర్చియే యిప్పటి ప్రసంగము. ఒక సరకు మన నేలపై దిగదు, మన సంతలో అమ్ముడుపోదు, మన దారిని మాత్రము త్రొక్కి పోవును. దానివలన మనకు రావలసినదేమి? అది నిజముగా దాటిపోయినదని నమ్ముట యెట్లు? నేడు లోకమందలి దేశములు ఒకదానిగుండా మరియొకటి సరకులు పంపుకొనుటకు ఏర్పరచుకొనిన నిబంధనలన్నియు ఈ రెండు ప్రశ్నలకు సమాధానములే.

మొదటి ప్రశ్నకు పాతకాలము చెప్పిన జవాబు సులభమైనది: దారి యెవరిదో సుంకము వారిది. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారికి ఇచ్చివేయునాటికి కడప సీమలో పాళెగాండ్రు పలువురు ఉండిరి. తమ హద్దులగుండా పోవు బాటసారులనుండియు, ఎద్దుల పెరికెలనుండియు సుంకములు గైకొనుట పాళెగాండ్రకు పరిపాటి. 1800 నుండి 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పాళెగాండ్ర అధికారమును అణచెను. కాని దారిసుంకము అంతతో పోలేదు. కుంఫిణీ ప్రభుత్వమే దానిని వసూలుచేయుచు వచ్చెను. పెన్నాతీరపు నూలుబట్టయు నీలిమందును తీరమునకు చేరవలెనన్న ఠాణాకడ నిలువవలెను, మూటలు విప్పి చూపవలెను, అచ్చటి కొలువుకాండ్రను మెప్పింపవలెను.

ఇట్టి సుంకములవలన ఖజానాకు వచ్చునది స్వల్పమనియు, ప్రజలకు కలుగు నష్టము దానికి పెక్కురెట్లనియు వంగరాష్ట్రమును గూర్చి 1834లో చార్లెస్ ట్రెవెల్యన్ ఒక నివేదికలో వివరించెను. సుంకముకంటెను నిలుపుదల, సోదా, లంచము అను మూడింటివలననే వర్తకము కుంటుపడునని ఆయన వాదము. వంగరాష్ట్రమున 1836లోను, మద్రాసు రాజధానిలో 1844లోను లోనాటి దారిసుంకములు రద్దయ్యెను. మార్గాదాయము మన ప్రాంతమున చట్టరీత్యా ముగిసినది అప్పుడే.

సుంకము పోయినను రెండవ ప్రశ్న మిగిలియే యున్నది. జమ్మలమడుగు నుండి నాపరాళ్ల లారీ యొకటి బళ్లారి మీదుగా మహారాష్ట్రమునకు పోవుచున్నదనుకొందము. కర్ణాటకలో దానిని అమ్మరు గనుక ఆ రాష్ట్రమునకు పన్ను రాదు. కాని మహారాష్ట్రమునకని చెప్పిన రాళ్లు దారిలోనే దిగి రహస్యముగా అమ్ముడుపోయినచో? ఈ అనుమానమునుండి పుట్టినదే వెనుకటి అమ్మకపుపన్ను చట్టములలోని దారి అనుమతి పత్రము. రాష్ట్రములో ప్రవేశించు చెక్‌పోస్టుకడ డ్రైవరు దానిని పొంది, దాటిపోవు చెక్‌పోస్టుకడ తిరిగి అప్పగింపవలెను. అప్పగింపనిచో సరకు ఆ రాష్ట్రములోనే అమ్ముడుపోయినట్లు చట్టము భావించును. ఉత్తరప్రదేశ్ చట్టములోని ఇట్టి నిబంధనపై 1986లో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు ఒక మంచి మాట స్పష్టపరచినది: ఆ భావన తుది నిర్ణయము కాదు, సరకు నిజముగా దాటిపోయినదని యజమాని ఇతర సాక్ష్యముతో రుజువు చేసుకొనవచ్చును.

2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన పిమ్మట రాష్ట్రముల సరిహద్దులందలి ఆ పన్ను చెక్‌పోస్టులు తొలగిపోయెను. 2018 ఏప్రిల్ 1 నుండి, 50,000 రూపాయలకు మించిన సరకు రాష్ట్రము దాటునప్పుడు ఈ-వే బిల్లు ఉండవలెనను నియమము వచ్చినది. సరకేమి, వెలయెంత, ఎచ్చటనుండి ఎచ్చటికి, ఏ వాహనముపై అను సంగతులు అందులో నుండును. సామాన్యముగా 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున దానికి గడువు. నడుమ ఎన్ని రాష్ట్రములు వచ్చినను బిల్లు ఒక్కటియే.

ఒకే దేశములోని రాష్ట్రముల సంగతి యిది. దేశములు వేరైనప్పుడు చిక్కు పెద్దది. సముద్రతీరము లేని దేశము పొరుగు దేశపు రేవును ఆశ్రయింపక తప్పదు. అట్టివారి సరకులను నిరోధింపరాదనియు, రవాణా ఖర్చును, పరిపాలనా ఖర్చును తప్ప దారిసుంకము అడుగరాదనియు 1921 నాటి బార్సిలోనా ఒడంబడికయు, 1947 నాటి గాట్ ఒప్పందపు అయిదవ అధికరణమును చెప్పుచున్నవి. భూపరివేష్టిత దేశములకు సముద్రమును చేరు హక్కు కలదని 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడిక గుర్తించినది.

ఇందుకు మనకు సమీపమున నున్న నిదర్శనము విశాఖపట్టణము. నేపాళమునకు చిరకాలముగా కలకత్తా రేవే ద్వారము. కాని అది నదిమీది రేవు, లోతు తక్కువ. పెద్ద ఓడలు నిలువగల విశాఖను గూడ వాడుకొనుటకు 2016లో ఉభయ దేశములు లేఖలు మార్చుకొనినవి. అచ్చటినుండి కంటెయినర్లు రైలుమీద సుమారు 1,400 కిలోమీటర్లు పయనించి, బీహారులోని రక్సౌల్ దాటి, నేపాళములోని వీర్‌గంజ్ చేరును.

ఆ ప్రయాణపు పద్ధతి యిట్లుండును. నేపాళపు దిగుమతిదారుని పక్షమున ఏజెంటు రేవులోని సుంకాధికారులకు ప్రకటన పత్రము దాఖలు చేయును. సరకు వివరము, పరిమాణము, వెల, గమ్యస్థానము, పోవు మార్గము అందులో చూపవలెను. కంటెయినరుమీది సీలు చెక్కుచెదరక యున్నచో అధికారులు సామాన్యముగా దానిని తెరువరు. చెదిరియున్నను, అనుమానము కలిగినను తెరచి చూతురు. సరకు మన దేశములోనే దిగినచో కట్టవలసియుండెడి సుంకమునకు హామీ యుండవలెను. సరకును బట్టియు, రవాణా సాధనమును బట్టియు అది భీమా రూపమునగాని బాండు రూపమునగాని యుండును. పిమ్మట సీలు సంఖ్య పత్రముమీద వ్రాసి సరకును పంపుదురు. సరిహద్దులోని అధికారి సీలును పత్రముతో సరిచూచి, దాటిపోయినదని సంతకము చేయును. ఆ ధ్రువీకరణము రేవునకు తిరిగి వచ్చిననాడే హామీ విడుదలయగును. రానిచో, హామీ యిచ్చినవారు సుంకము చెల్లింపవలసి వచ్చును. 2017 తరువాత ఎలక్ట్రానిక్ సీళ్లు వాడుకలోకి వచ్చినవి. దారిలో ఎవరైన తాళము ముట్టినను, బండి దారి తప్పినను ఉపగ్రహ సహాయమున ఆ సంగతి అధికారులకు తెలియును.

ఇంత కట్టుదిట్టమేల యని శ్రోతలు అడుగవచ్చును. రెండు దేశములలో సుంకపు రేట్లు ఒక్కటి కావు. నేపాళమునకని వచ్చిన బట్ట సుంకము లేకుండ మన బజారులోనే దిగినచో, దానికి ఎదురుగా నిలిచి నష్టపడువాడు ప్రొద్దుటూరి అంగడిలో న్యాయముగా పన్ను కట్టి బట్ట అమ్ముకొను వర్తకుడే. కనుక సీలును, హామీయును పరదేశీయునిపై అపనమ్మకముతో పెట్టినవి కావు. దారి యిచ్చిన దేశములోని నిజాయితీపరులకు పెట్టిన కాపు.

అట్లే దారి మూతపడినచో ఎదుటివారి పాటు ఎట్టిదో గూడ తలపవలెను. 1989 మార్చిలో భారత నేపాళముల వర్తక, రవాణా ఒప్పందముల గడువు తీరిపోయి, క్రొత్తవి కుదురలేదు. సరిహద్దులో రెండు మార్గములు తప్ప తక్కినవి మూతపడెను. కిరసనాయిలునకు, పెట్రోలునకు ప్రజలు వరుసలలో నిలిచిరి. వంటచెరకుకై అడవులమీద పడిరి. 1990లో గాని స్థితి చక్కబడలేదు. అధికారులకు కాగితముమీది సంతకముగా తోచునది సామాన్యుని పొయ్యిలోని నిప్పు!

మన కడప జిల్లాకును సముద్రము లేదు. 2020 జనవరిలో తాడిపత్రినుండి బయలుదేరిన రైలు అనంతపురము, పులివెందుల ప్రాంతముల అరటిపండ్లను ముంబయి చెంతనున్న రేవునకు, అచ్చటినుండి విదేశములకు చేర్చుటకై ఇతర రాష్ట్రముల నేల దాటిపోయినది. దారిలో ఎవ్వరును గెల దింపి సుంకము అడుగలేదు. పరుల దారి మనకు అవసరమైనట్లే మన దారి పరులకు అవసరము. పూర్వము మార్గాదాయమునకై ధనము అడిగిరి. నేడు మాట అడుగుచున్నారు. ఇచ్చిన మాట దారి చివరకు చేరినచో, దారి యిచ్చినవానికి గాని, దారిన పోయినవానికి గాని నష్టము లేదు.