కూర ముందా, రాకెట్ ముందా?

మా పులివెందుల వైపు ఏ ఇల్లాలు పోయినా, పరామర్శకొచ్చినవాళ్లు ముందు ఆమె చేతి వంటే తలచుకుంటారు. "ఆ యమ్మ చేసిన సంగటి, ఊరుబిండి మళ్లా తినగలమా!" అంటారు. అది ప్రేమే, కాదనను. కానీ ఆ యమ్మ ఇంకేం చేసిందో ఎవరైనా తలుస్తారా?

అమెరికాలోనూ అంతే సుమండీ! 2013 మార్చిలో ఇవోన్ బ్రిల్ అనే 88 ఏళ్లావిడ కన్నుమూస్తే, న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆమె చేసే మాంసం కూరను మెచ్చుకుంటూ నివాళి మొదలెట్టింది. ఆమె రాకెట్ ఇంజనీరన్న మాట ఆ తర్వాతే! పాఠకులు మండిపడితే, ఇంటర్నెట్‌లో ఆ కూర మాట తీసేశారు.

ఇవోన్ 1924లో కెనడాలో పుట్టింది. ఇంజనీరింగ్‌లో చేరతానంటే, ఆరుబయట క్యాంపులో ఆడపిల్లలకు వసతి లేదన్నారు. సరే, లెక్కలు, కెమిస్ట్రీ చదివింది. 1945లో అమెరికా వెళ్లి డగ్లస్ విమాన కంపెనీలో చేరింది. పగలు ఉద్యోగం, సాయంత్రం చదువు. పెళ్లయ్యాక ముగ్గురు పిల్లల కోసం ఎనిమిదేళ్లు పూర్తికాలం ఉద్యోగం మానుకున్నా, పార్ట్‌టైమ్ పని వదల్లేదు. 1966లో మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. మరుసటి ఏడాదే ఆమె పేరు నిలబెట్టిన ఆలోచన పుట్టింది.

శ్రీహరికోటలో రాకెట్ ఎగరడం మనం టీవీలో చూస్తాం కదా. అది వదిలేసిన ఉపగ్రహం దారి తప్పకుండా చిన్న చిన్న ఇంజన్లు కాపాడతాయి. పైన ఇంధనం అయిపోతే మన గ్యాస్ సిలిండర్‌లా మరొకటి తెప్పించుకోలేం! హైడ్రజీన్ అనే ఇంధనం నుంచి వచ్చే వాయువును కరెంటుతో ఇంకా వేడిచేస్తే, అది మరింత వేగంగా బయటికి తన్నుకొస్తుంది. తక్కువ ఇంధనంతోనే పని జరుగుతుంది. ఇవోన్ చేసిందదే. 1983లో ఆ ఇంజను అంతరిక్షానికి వెళ్లింది. 2011లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు జాతీయ పతకం అందించారు.

వంట బాగా చేయడం చిన్నతనమా? కానే కాదు. మా అత్తమ్మ పాల లెక్క, కౌలు లెక్క కాగితం లేకుండా నోటితోనే తేల్చేది. ఆమె పోయిన రోజు మేమంతా అలసంద వడలే తలచుకున్నాం. ఆ లెక్కలు నేనైనా చెప్పి ఉండాల్సింది.