నూరేండ్ల వరద – ఇంటి బీమా

“నూరేండ్ల వరద” అనగా నూరేండ్లకు ఒకసారి మాత్రమే వచ్చునదని పలువురు తలంతురు. ఏ యేటనైనను అట్టి వరద వచ్చుటకు నూటికి 1 పాలు అవకాశము కలదని మాత్రమే దాని అర్థము. నిరుటి వరద ఈ యేటి అవకాశమును తగ్గింపదు. నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయమున 2022 జులైలో నీరు గేట్లపై నుండి పొరలినది. 2023 జులైలో మరల పొరలినది.

ఒక యేడు వరద తప్పు అవకాశము 0.99. దీనిని 30 సార్లు హెచ్చవేసిన 0.74 వచ్చును. అనగా 30 ఏండ్లలో ఒక్కసారియైనను ఇల్లు మునుగుటకు నూటికి 26 పాళ్లు అవకాశము!

మునిగిన 5 లక్షల రూపాయల నష్టమనుకొందము. సగటున ఏటికి 5 వేలు. ప్రీమియము అంతకు తక్కువైన బీమా లాభమే. కొంత ఎక్కువైనను, ఒక్కసారిగా 5 లక్షలు భరింపలేని కుటుంబమునకు బీమాయే క్షేమము. 2021లో వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో వరద నష్టము కూడ చేరియున్నది.

మిట్టమీది ఇంటికి ఈ లెక్క మారును. కనుక పాత వరద గుర్తు మీ గడపకు ఎంత ఎత్తున నున్నదో ముందుగా కొలిచి చూడుడు.