మొక్కల మాత్రలు – చెమటోడ్చే దేహము

“ఇది మొక్కలనుండి తీసినది, కనుక హాని లేదు” అనే మాట మన ఇండ్లలో తరచు వినబడుతుంది. కానిస్టేబులు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే పల్లె యువకులు, షుగరు అదుపులో ఉండాలని తెల్లవారకముందే నడిచే పెద్దలు ఈ మాట నమ్మి ఖరీదైన మాత్రల సీసాలు కొంటున్నారు. వ్యాయామానికి మాత్ర తోడైతే మేలు రెట్టింపు అవుతుందా?

రెస్వెరట్రాల్ అనే పదార్థాన్నే తీసుకుందాం. బూజు తెగులు సోకినప్పుడు కొన్ని మొక్కలు తమను కాపాడుకొనుటకు దీనిని తయారు చేసుకుంటాయి. నల్ల ద్రాక్ష తొక్కలోను, మన వేరుశెనగలోను ఇది కొద్దిగా ఉంటుంది. 1992లో ఇది రెడ్ వైన్‌లో ఉన్నట్లు తేలగానే గుండెకు మంచిదనే ప్రచారం మొదలైంది. త్రాగేవారికి మంచి సాకు దొరికింది! లీటరు వైన్‌లో ఉండేది సగటున సుమారు 2 మిల్లీగ్రాములే అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. తరువాత దానినే మాత్రలుగా చేసి అమ్మసాగారు.

డెన్మార్కులోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వారు 2013లో ఒక పరిశోధన ఫలితం ప్రకటించారు. సుమారు 65 ఏండ్ల వయస్సుగల, ఆరోగ్యవంతులే గాని వ్యాయామం అలవాటులేని 27 మంది పురుషులచేత ఎనిమిది వారాలు కఠినమైన వ్యాయామం చేయించారు. కొందరికి రోజుకు 250 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్, మిగిలినవారికి చూపునకు అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో వారికే తెలియదు.

ఫలితం తారుమారైంది. ప్రాణవాయువును వాడుకొనే శక్తి ఇరువురిలోనూ పెరిగింది గాని, ఉత్త మాత్ర మింగినవారిలో ఆ పెరుగుదల 45 శాతం ఎక్కువ. రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ తగ్గినది కూడా వీరిలోనే. అసలు మాత్ర మింగినవారు అంతే చెమటోడ్చినా ఆ లాభం పొందలేదు.

కారణం ఏమై ఉంటుంది? గట్టిగా శ్రమించినప్పుడు కండరాలలో చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. మితిమీరితే ఇవి హానికరమే. అయితే కొద్దిపాటిగా పుట్టినవి దేహానికి కబురు వంటివి. “రేపు మరల ఈ బరువు మోయాలి, సిద్ధపడు” అన్నట్లు అవి హెచ్చరిస్తే, కండరం, రక్తనాళం తమ్మును తాము బలపరచుకుంటాయి. పెద్ద మోతాదులో వేసిన మాత్ర ఆ కబురు చేరకముందే దానిని అణచివేస్తుందని పరిశోధకుల అభిప్రాయం.

పరీక్షకు వచ్చినవారు కొద్దిమందే, వృద్ధులే. పరిశోధకులందరూ ఈ ఫలితాన్ని ఒకే విధంగా అర్థం చేసుకోలేదు కూడా. అయినా 2009లో జర్మనీలో యువకులపై జరిగిన మరొక పరీక్షను గమనించండి. నాలుగు వారాలు వ్యాయామం చేస్తూ రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానితో విటమిన్ ఇ మింగినవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. మాత్రలు లేనివారిలో మెరుగుపడింది. షుగరు కోసం నడిచేవారికి ఇది చిన్న సంగతి కాదు. డాక్టరు ఒక లోపానికి వ్రాసి ఇచ్చిన విటమిన్ల మాట వేరు, వాటిని మానవద్దు. రక్తం పలుచబడే మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా రెస్వెరట్రాల్ ముట్టరాదు.

ఇక పొలంలోని వేరుశెనగలంటారా? వాటిలో ఉన్నది అత్యల్పం. పరుగెత్తి వచ్చిన కుర్రవానికి ఉడకబెట్టిన కాయలు గుప్పెడు పెట్టండి, నిశ్చింతగా తింటాడు.