బొమ్మల కొలువులో మొలక పరీక్ష

సంక్రాంతి బొమ్మల కొలువును పండుగ కాగానే పెట్టెలో దాచుట మన యింటివారి వాడుక. అందలి చిన్నపల్లెనైనను ఏడాది పొడవున నుంచుడని సభ్యులను కోరుచున్నాము. పుష్యమున కల్లము, కుప్పలు, వేసవిని బీడు, జ్యేష్ఠపూర్ణిమకు ఏరువాక, నాగళ్లు.

ఏరువాకకు నెల ముందు ఆ పల్లెకు పొలముగా నొక మంటిపళ్లెము నమర్చి, విత్తుటకు దాచిన వడ్లలో 100 గింజలను పిల్లలచే నాటింపుడు. వారు మంచిగింజలనే యేరుదురు. అట్లయినచో నది పరీక్ష కాదు. చేతికి వచ్చినవే వేయవలెను. తడి యారరాదు. కొండపల్లి బొమ్మలను మాత్రము దూరముగా నిలుపుడు; పొణికికఱ్ఱ ముక్కలను చింతగింజల పిండి, ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో నదుకుదురు గనుక అవి తడికి చెడును.

14వ దినమున మొలకలను లెక్కింపుడు. ధ్రువీకృత వరివిత్తనమునకు నూటికి 80 మొలకలు కనీస ప్రమాణము. అంతకు తగ్గినచో నా వడ్లను నారుమడికి వాడక, వేఱు విత్తనమునకై సంఘమును వెంటనే యడుగుడు. ఏరువాకకు ఇంకను రెండు వారముల వ్యవధి యుండును.