పిల్లలకూ షుగరు వస్తుంది – ఈ నాలుగు గుర్తులు మరువకండి

షుగరు అంటే నలభై దాటినవారి జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. కానీ ఏడాది నిండిన బిడ్డకు, బడికి వెళ్లే పిల్లలకు, పదో తరగతి చదివే అమ్మాయికి కూడా రావచ్చు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్-1 రకం. శరీరంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. మిఠాయిలు తిన్నందువల్ల కాదు. ఇంట్లో ఎవరికీ షుగరు లేకపోయినా రావచ్చు.

ముఖ్యమైన గుర్తులు నాలుగు:

1. ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం.
2. మాటిమాటికీ మూత్రం. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడపడం. మూత్రం పోసిన చోట చీమలు చేరడం.
3. తింటున్నా కొద్ది వారాల్లోనే చిక్కిపోవడం.
4. ఆటపాటలు మాని నీరసంగా పడుకోవడం.

“ఎండలు కదా సిస్టరమ్మా, అందుకే దాహం అనుకున్నాం” అని మన పల్లెల నుంచి వచ్చే తల్లులు మాతో అంటూ ఉంటారు. చిక్కిపోతే నులిపురుగులు అనుకుంటారు. మూత్రంలో తేడా వస్తే ఉద్దానం వైపు వారికి కిడ్నీ భయం. ఇలా ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క కారణం చెప్పుకుంటాం. నాలుగూ కలిపి చూస్తేనే జబ్బు తెలుస్తుంది.

ఆలస్యమైతే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుపోతాయి. వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం, నోటి నుంచి మగ్గిన పండు వాసన, మగత వస్తాయి. దీన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అనో, నిమ్ము అనో పొరబడవచ్చు. వాంతులవుతున్నా మూత్రం ఎక్కువగా పోస్తుంటే షుగరును అనుమానించాలి. నీరసమని కూల్‌డ్రింకులు తాగించవద్దు, పరీక్ష లేకుండా గ్లూకోజు సీసా ఎక్కించవద్దు. ఇది ప్రాణాపాయం. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.

పరీక్షకు వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం చాలు. పరగడుపున రానక్కరలేదు. ఈ గుర్తులుండి షుగరు 200 లేదా అంతకు మించి ఉంటే అది షుగరు జబ్బే. రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే చేయించాలి.

లావుగా ఉన్న యువతీయువకుల్లో టైప్-2 రకం కూడా వస్తుంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారడం ఒక హెచ్చరిక. వీరిలో వేరే గుర్తులేవీ లేకపోవచ్చు గనుక పరీక్ష అవసరం.

ఇటలీలోని పార్మాలో 1991 నుంచి బడుల్లో, పిల్లల డాక్టర్ల దగ్గర ఈ గుర్తులు తెలిపే పోస్టర్లు అతికించారు. ఆ తరువాత అపాయ స్థితిలో ఆసుపత్రికి చేరే పిల్లలు బాగా తగ్గారు. మన బడి పంతుళ్లు, సండే స్కూలు టీచర్లు కూడా మాటిమాటికీ బయటికి వెళ్లే పిల్లలను కోప్పడక, ఇంట్లో చెప్పి పంపండి.

1922లో ఇన్సులిన్ వైద్యం మొదలు కాకముందు ఈ పిల్లలు బ్రతికేవారు కారు. నేడు రోజూ ఇన్సులిన్ తీసుకుంటూ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఎవరు ఏ ఆకుపసరు ఇస్తామన్నా టైప్-1 పిల్లలకు ఇంజెక్షను ఒక్కరోజు కూడా ఆపవద్దని మా మనవి.