గాజును విడిచిన సీసా

అరసవిల్లి రథసప్తమినాడు గాని, విజయదశమి వెళ్లిన మంగళవారమున విజయనగరమందు పైడితల్లి సిరిమాను తిరుగునపుడు గాని, కాళ్లక్రింద దొరలు ఖాళీ నీళ్లసీసా నొకదానిని తీసి తలక్రిందు చేసి చూడుడు. అడుగున నట్టనడుమ ఆవగింజంత బొడిపె యొకటి కానవచ్చును. అది ఆ సీసాకు బొడ్డు.

ఈ సీసాకు మూలద్రవ్యమగు పెట్ అను ప్లాస్టికు 1941లో ఇంగ్లండున, అద్దకపు బట్టల సంస్థలో పనిచేయు విన్‌ఫీల్డ్, డిక్సన్ అను రసాయనజ్ఞుల చేత నూలుగా పుట్టి, టెరిలీన్ అను పేర బట్టయై ప్రసిద్ధి కెక్కెను. దానిని సీసాగా మార్చినవాడు అమెరికాలోని డ్యూపాంట్ ఇంజనీరు నతానియల్ వయత్. చిత్రకారుడు ఆండ్రూ వయత్‌కు అన్న. ప్లాస్టికు డబ్బాలో అల్లపుసోడా పోసి ఫ్రిజ్‌లో పెట్టగా తెల్లవారునప్పటికి అది ఉబ్బిపోయెనట. దారము సాగదీసినకొలది గట్టిపడుననియు, సీసాను నిలువునను అడ్డమునను రెండు దిక్కుల సాగదీసినచో సోడా ఒత్తిడికి ఓర్చుననియు అతడు గ్రహించి, 1973లో పేటెంటు పొందెను.

కరగిన ప్లాస్టికును అచ్చులోనికి చిమ్మగా మఱలు తీర్చిన మెడతో మందపాటి గొట్ట మొకటి వచ్చును. దీనిని ప్రీఫారమందురు, దీనికొక సంస్కృతనామము కల్పింప వాడుకభాషకై పోరాడిన గిడుగువారు పుట్టిన సీమను గూర్చి వ్రాయుచు నాకు ధైర్యము చాలదు. ప్లాస్టికు ప్రవేశించిన చోటే ఇందాక చూచిన బొడ్డు. మెడను విడిచి తక్కిన భాగమును సుమారు 100 డిగ్రీలకు వేడిచేసి, కడ్డీతో పొడుగు సాగదీయుచు, గాలి నూది అచ్చుకు అంటునట్లు ఉబ్బింతురు. ఒకమారు మాయింట ప్రయాణమునకని కాగిన నీరు పోయగా సీసా నడుము కుంచించుకొని వంకర పోయెను: బలవంతముగా సాగిన అణువులు వేడి తగులగానే వెనుకకు ముడిగినవి. సాగని మెడ అంతగా చెడలేదు.

ఊదిన సీసాలను దూరము మోయుట గాలిని మోయుటయే. కావున చేతిలో ఇముడు ప్రీఫారములను తెప్పించి, నీరు నింపు చోటనే ఊదుకొనుట లాభము. సీసాల సంఖ్య పెరుగుచుండ ఒక్కొక్క సీసా బరువు తరుగుచున్నది. సోడా సీసాల మెడను కురుచ చేసినంతమాత్రాన సీసాకొక గ్రాముకు పైగా ప్లాస్టికు మిగిలినది. గోలీసోడా గాజుసీసాను కడిగి మరల నింపుదురు. ఇదియో, ఒక్క దాహమునకే.

అయినను సీసానీటి గిరాకి అంతయు సౌకర్యము వలననే పుట్టెననుట సరికాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి సోంపేట ప్రాంతములలో, అచట ప్రబలిన మూత్రపిండవ్యాధికి కారణ మిదియే యని శాస్త్రజ్ఞులు తేల్చకపోయినను జనులు నూతినీటిని శంకించిరి. కొన్న నీళ్లటిన్ను గుమ్మమెక్కెను. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా నీరందించు పథకము 2023 డిసెంబరులో గాని ప్రారంభము కాలేదు. భయము కొన్నంతకాలము వర్తకుడు అమ్మును. దీనికి అతని నొక్కనినే నిందింప నాకు మనసొప్పదు.

త్రాగిన సీసాను మాత్రము అన్నపు టాకులతో కలిపి పారవేయకుడు. ముక్కలు చేసి కరగించినచో అది తిరిగి నూలగును. శుభ్రముగా నున్న రంగులేని సీసాకే పాతసామానువాండ్రు మంచి వెల కట్టుదురు.