ఏటవాలు, బరువు, మలుపు: పదెకరాల కుటుంబానికి ఏటీవీ ఎలా ఎంచుకోవాలి?

చతురస్రంగా ఉన్న పదెకరాల భూమికి ఒక్కో భుజం రమారమి 200 మీటర్లు. చుట్టూ కంచె వేయాలంటే 800 మీటర్లు. అమెరికాలో అమ్మే ముళ్లతీగ చుట్ట పొడవు సాధారణంగా 1,320 అడుగులు, అంటే 400 మీటర్లు. బరువు 36 కిలోల దాకా ఉంటుంది. నాలుగు వరసల కంచెకు ఎనిమిది చుట్టలు కావాలి. పన్నెండడుగులకు ఒకటి చొప్పున పాతితే ఇనుప స్తంభాలు దాదాపు 220 అవుతాయి. ఒక్కోటి మూడున్నర కిలోలనుకున్నా ఆ స్తంభాల బరువే ముప్పావు టన్ను దాటుతుంది. తీగతో కలిపి టన్ను పైచిలుకు సరుకును రాళ్లూ పొదలూ ఉన్న నేల మీద నాలుగు మూలలకూ చేర్చాలి. కంచె పని ముగిశాక దాణా బస్తాలు, కలుపు మందు, గాలివానకు విరిగిన కొమ్మలు వరసగా వస్తూనే ఉంటాయి.

టెక్సాస్‌లో ఆస్టిన్, డల్లస్ శివార్లు దాటితే ఐదు, పది, ఇరవై ఎకరాల నడుమ కట్టుకున్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. చుట్టూ కాస్త పొలం ఉండాలన్న కోరికతో అటు వెళ్తున్నవాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 5 నుంచి 20 ఎకరాల నేలలో తేనెటీగలు పెంచినా వ్యవసాయ భూమి లెక్కన ఆస్తిపన్ను తగ్గించుకునే వెసులుబాటు ఆ రాష్ట్రంలో ఉంది. ఇలాంటి చోట పెద్ద ట్రాక్టర్ కొనేంత సేద్యం ఉండదు, అలాగని కాలినడకన తెమిలే పనీ కాదు. ఆ మధ్యలో అక్కరకొచ్చేది యుటిలిటీ ఏటీవీ. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టు కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుని, హ్యాండిల్‌తో తిప్పే నాలుగు చక్రాల బండి ఇది. ముందూ వెనుకా సామాను రాక్‌లు, వెనుక ట్రైలర్ తగిలించే కొక్కెం ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో సరదాగా తిప్పే బండ్లదీ ఇదే జాతి. కాకపోతే ఇది పని కోసం తయారైంది.

షోరూంలో సంభాషణ సాధారణంగా సీసీతో, హార్స్‌పవర్‌తో మొదలవుతుంది. కుటుంబం అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. బండి ఎవరు నడుపుతారు? ఎలాంటి వాలు మీద నడుపుతారు? ఎంత బరువు, ఎక్కడ పెట్టి నడుపుతారు? ఈ బండి ఒరిగేదీ ఒరగనిదీ ఇంజిన్ శక్తి కంటే వీటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

మూడు చక్రాల నుంచి నాలుగుకు

1970లో హోండా అమెరికాలో మూడు చక్రాల బండిని విడుదల చేసింది. చలికాలంలో మోటార్ సైకిళ్లు అమ్ముడుపోక డీలర్లు ఖాళీగా కూర్చునేవారు. మంచులోనూ బురదలోనూ తిరిగేది ఏదైనా కావాలని వాళ్లు అడగడంతో బెలూన్లలాంటి టైర్లతో ఆ బండి పుట్టింది. రైతులు త్వరలోనే దాన్ని పనిలోకి దించారు. అయితే ముందు ఒక్క చక్రమే ఉండటంతో మలుపుల్లో సులువుగా పల్టీ కొట్టేది. 1982లో సుజుకీ నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌ను తెచ్చింది. 1986 మోడల్‌గా నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిని హోండా తెచ్చింది. ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కూ తయారీ కంపెనీలకూ కోర్టు ద్వారా ఒప్పందం కుదిరింది. కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం అప్పుడు ఆగింది.

ప్రమాదాలు మాత్రం ఆగలేదు. ఆ కమిషన్ లెక్కల్లో 1982 నుంచి 2016 వరకు ఏటీవీ మరణాలు 14 వేలు దాటాయి. వారిలో అయిదో వంతుకు పైగా 16 ఏళ్ల లోపు పిల్లలే.

ఒరిగే కోణం

బండి, మనిషి, సామాను బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువును గురుత్వ కేంద్రం అంటారు. వాలుకు అడ్డంగా వెళ్తున్నప్పుడు ఆ బిందువు నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత పల్లం వైపు టైర్లు దాటి బయట పడిందంటే బండి బోర్లా పడుతుంది. గడ్డిమోపులు ఎత్తుగా వేసిన బండి గట్టెక్కేటప్పుడు ఒరిగేది ఇందుకే. అది ఎంత వాలు దగ్గర జరుగుతుందో తెలుసుకోవడం తేలికే. రెండు వైపుల టైర్ల నడుమ దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే చాలు.

ఉదాహరణకు టైర్ల మధ్య దూరం 90 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుందాం. 45ను 60తో భాగిస్తే 0.75 వస్తుంది. కోణంగా చెప్తే దాదాపు 37 డిగ్రీలు. రాక్ మీద బరువు పేర్చడం వల్ల ఆ ఎత్తు 75 సెంటీమీటర్లకు పెరిగితే నిష్పత్తి 0.6కు, కోణం 31 డిగ్రీలకు పడిపోతుంది. నిజంగా నడిచేటప్పుడు పల్లం వైపు టైర్లూ స్ప్రింగులూ అణుగుతాయి కనుక బండి ఇంకా ముందే ఒరుగుతుంది. పై చక్రం ఒక రాయెక్కినా, కింది చక్రం గుంటలో దిగినా మరికొన్ని డిగ్రీలు పోయినట్టే.

చదునైన నేల మీద మలుపు తిరిగేటప్పుడూ ఇదే నిష్పత్తి వర్తిస్తుంది. మలుపులో బయటికి నెట్టే బలం మొత్తం బరువులో 0.6 వంతుకు చేరితే, పైన చెప్పిన బరువు పేర్చిన బండి పడిపోయే అంచుకు వచ్చినట్టే. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో 8 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరిగితే దాదాపు అంత బలం పుడుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది.

మట్టిలో అంతకంటే ముందే టైర్లు కొంచెం జారి ఆ బలాన్ని తగ్గిస్తాయి. తారు రోడ్డు మీద మెత్తని టైరు పట్టు వదలదు. అందుకే బండి జారడానికి బదులు పల్టీ కొడుతుంది. పైగా చాలా మోడళ్లలో వెనుక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, మలుపులో లోపలి చక్రం నెమ్మదించడానికి వీలుండదు. అందుకే బండి తిరగనని మొండికేస్తుంది. చూడటానికి నున్నగా, భద్రంగా ఉండే తారు రోడ్డు మీద ఏటీవీ నడపొద్దని తయారీదారులే హెచ్చరిస్తారు.

రాక్ మీద ఎంత, కొక్కేనికి ఎంత

పనికి వాడే బండ్లలో ముందు రాక్ 30 నుంచి 45 కిలోలు, వెనుక రాక్ 60 నుంచి 85 కిలోలు మోయగలవు. మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి, వాటిని రాక్ పక్కనే స్టిక్కర్ మీద ముద్రిస్తారు. పురుగుమందు ట్యాంకు కొనేటప్పుడు ఈ స్టిక్కర్ చూడటం చాలా ముఖ్యం. దుకాణాల్లో 15 గ్యాలన్ల, 25 గ్యాలన్ల ట్యాంకులు పక్కపక్కనే ఉంటాయి. మొదటిదాంట్లో పట్టే నీళ్లే 57 కిలోలు. ట్యాంకు, పంపు బరువు కలిపితే 60 కిలోల రాక్ హద్దు దాటేస్తుంది. రెండోదాంట్లో నీళ్లే 95 కిలోలు. సగం నిండిన ట్యాంకుతో ఇంకో చిక్కుంది. బండి ఒరిగిన వైపుకే నీళ్లు పరుగెత్తి దాన్ని ఇంకాస్త ఒరిగేలా చేస్తాయి. లోపల అడ్డుపలకలున్న ట్యాంకు కొంత నయం. చిన్న ట్రైలర్ మీద అమర్చిన ట్యాంకు అంతకన్నా మేలు.

ముళ్లతీగ చుట్టలు వెనుక రాక్ మీద రెండుకు మించి పట్టవు. మిగతావి ట్రైలర్ మీదే వెళ్లాలి. 500 సీసీ తరగతి బండ్లలో చాలావాటికి ట్రైలర్ లాగే హద్దు అర టన్ను దాటుతుంది. లాగేది ఏదైనా కింది కొక్కేనికే తగిలించాలి. మొద్దు పెకలించడానికి తాడును వెనుక రాక్‌కు కడితే లాగే బలం ఇరుసుకు పైన పడుతుంది. చక్రాలు ముందుకు తిరుగుతుంటే బండి ముక్కు పైకి లేచి, నడిపే మనిషి మీదికే వెనక్కి తిరగబడుతుంది.

ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. పదెకరాల పనికి 400 నుంచి 570 సీసీ సరిపోతుంది. సీసీ కంటే లో రేంజ్ గేరు, దిగుడులో వేగాన్ని పట్టి ఉంచే ఇంజిన్ బ్రేకింగ్ ఎక్కువ పనికొస్తాయి. పొలారిస్ వంటి కంపెనీలు వాడే బెల్టు గేరు వ్యవస్థలో నడిపేవాళ్లు గేర్లు మార్చే పని లేదు. అయితే బరువు లాగుతూ నెమ్మదిగా నడిపేటప్పుడు లో రేంజ్ వేయకపోతే బెల్టు వేడెక్కి పాడవుతుంది. హోండా పని బండ్లలో గేరుపళ్లే ఉంటాయి. వెనుక ఒకే ఇరుసున్న బండి ధర తక్కువ, బరువుకు వెనుక భాగం కుంగడమూ తక్కువ. ప్రతి చక్రానికీ విడి సస్పెన్షన్ ఉన్న బండి ఎగుడుదిగుడు నేలలో నడుముకు సుఖం.

కుటుంబమంటే ఒక్కరు కాదు

ఏటీవీ సీటు పొడుగ్గా ఉండటం చూసి ఇద్దరు కూర్చోవచ్చని చాలామంది అనుకుంటారు. నడిపే మనిషి ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరిగి తన బరువుతో బండిని నిలబెట్టడానికే సీటు అంత పొడవు పెట్టారు. మూడు వందల కిలోల బండి మీద 80 కిలోల మనిషి పల్లం వైపు నుంచి గట్టు వైపుకు వంగితే నిలకడ నిజంగానే పెరుగుతుంది. వెనుక ఇంకొకరు కూర్చుంటే జరిగే చోటు పోతుంది. ఇద్దరి కోసమే చేసిన పొడుగాటి మోడళ్లు వేరే ఉన్నాయి.

పిల్లల దగ్గర ఈ లెక్క మరింత కఠినం. 25 కిలోల పిల్లవాడు ఎంత వంగినా పెద్ద బండి గురుత్వ కేంద్రం పెద్దగా కదలదు. అమెరికా ప్రమాణాల్లో 6, 10, 12 ఏళ్లు నిండినవారికి వేగం పరిమితం చేసిన చిన్న బండ్లు, 14 నిండినవారికి మధ్యరకం, 16 నిండినవారికే పెద్ద బండ్లు అని వర్గాలున్నాయి. 16 ఏళ్ల లోపు వాళ్లు ఏటీవీ నడపనే కూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చాలా కాలంగా చెబుతోంది. పిల్లల బండ్లు సామాను లాగవు కనుక, పని కోసం కొన్న బండి తాళం చెవి వాళ్లకు అందకుండా పెట్టడం ఈ కొనుగోలులో భాగమే.

పిల్లల్నో, అమ్మమ్మ తాతయ్యల్నో వెంట తీసుకెళ్లాల్సిన ఇంటికి సైడ్-బై-సైడ్ నప్పుతుంది. 1988లో వచ్చిన కవాసాకీ మ్యూల్, ఆ తర్వాతి జాన్ డీర్ గేటర్, పొలారిస్ రేంజర్ ఈ కోవలోవి. స్టీరింగ్, పక్కపక్కన సీట్లు, సీటు బెల్టులు, పైన ఇనుప చట్రం, వెనుక తొట్టి ఉంటాయి. ధర ఏటీవీ కన్నా బాగా ఎక్కువ, ఇరుకు చెట్ల మధ్య దూరదు. చట్రం కాపాడేది బెల్టు పెట్టుకున్నవాళ్లనే. బెల్టు లేకపోతే మనిషి బయటికి పడి ఆ చట్రం కిందే నలుగుతాడు. పాదాలు బండి అడుగుపలకకు ఆనని, బెల్టు సరిగా పట్టని పిల్లల్ని ఇందులోనూ ఎక్కించకూడదు.

సైడ్-బై-సైడ్ కూడా ఒరగని బండేమీ కాదు. యమహా రైనో బండ్లు పల్టీ కొడుతున్నాయన్న ఫిర్యాదుల నేపథ్యంలో 2009లో కంపెనీ, భద్రతా కమిషన్‌తో కలిసి ఉచిత మరమ్మతు ప్రకటించింది. వెనుక చక్రాలకు 50 మిల్లీమీటర్ల స్పేసర్లు బిగించి వెడల్పు పెంచారు, వెనుక రెండు పక్కల సస్పెన్షన్‌ను కలిపే యాంటీ స్వే బార్ తీసేశారు. ఆ స్పేసర్లు పెంచింది, ముందు చెప్పుకున్న ఒరిగే నిష్పత్తిలోని పైఅంకెనే.

ఆస్ట్రేలియా ఏం చేసింది?

ఒరిగే కోణాల అంకెలను కొనేవాళ్ల ముందు పెట్టడంలో ఆస్ట్రేలియా ముందడుగు వేసింది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు బండ్లను వాలు బల్లల మీద పరీక్షించారు. అలాంటి పరిశోధనల వెలుగులో 2019లో జాతీయ భద్రతా ప్రమాణం వచ్చింది. అక్కడ ఏటీవీలను క్వాడ్‌లు అంటారు. 2020 అక్టోబరు నుంచి ప్రతి కొత్త క్వాడ్‌కూ ఎన్ని డిగ్రీల వాలులో ఒరుగుతుందో తెలిపే అట్ట వేలాడదీయాలి. 2021 అక్టోబరు నుంచి పని క్వాడ్‌లు పక్కకు కనీసం 28.8 డిగ్రీల దాకా నిలబడాలి, పల్టీ కొట్టినా మనిషి నలగకుండా వెనుక రక్షణ కమాను ఉండాలి. ఆ కమాను కూడా గాయపరచవచ్చని వాదించిన హోండా, యమహా అక్కడ క్వాడ్‌ల అమ్మకం మానేశాయి. ఆ మార్కెట్లో సైడ్-బై-సైడ్‌ల వాటా పెరిగింది.

అమెరికాలో అలాంటి అట్ట ఉండదు కనుక ఆ పని కొనేవాళ్లే చేయాలి. టేపు పట్టుకుని టైర్ల మధ్య దూరం కొలిచి, పక్కనున్న మోడల్‌తో పోల్చాలి. పొలంలో అన్నిటికన్నా నిటారైన వాలును ఫోన్‌లోని కోణమానితో కొలుచుకుని వెళ్లాలి. ఇరవై డిగ్రీలు దాటే వాలు ఉంటే అడ్డంగా వెళ్లకుండా చుట్టూ తిరిగే దారి ముందే గీసుకోవాలి. హెల్మెట్లకు, శిక్షణకు డబ్బు బండి ధరతోపాటే పక్కన పెట్టాలి. ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ తరగతుల్లో బండి మీద శరీరాన్ని ఎటు జరపాలో చేయించి చూపిస్తారు. తక్కువ గాలి కొలిచే గేజి కూడా ఒకటి కావాలి. కారు టైర్లలో 30 పీఎస్ఐకి పైగా గాలి ఉంటే, వీటిలో నాలుగు నుంచి ఏడు వరకే ఉంటుంది. మామూలు గేజిలో అంత తక్కువ గాలి సరిగా తెలియదు. ఒకవైపు టైరులో ఒకటి రెండు పీఎస్ఐ తక్కువున్నా బండి ఆ పక్కకే లాగుతుంది.